కాగితపు అస్థిపంజరము

అస్థిపంజరమను మాట చెవిని బడగానే శ్మశానవాటిక, మఱ్ఱిచెట్టు, దయ్యపు కథలు పలువురకు జ్ఞప్తికి వచ్చును. కాని యీ పాఠము చదువుచున్న ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఒక అస్థిపంజరమును వెంటబెట్టుకొనియే నేడు బడికి వచ్చియున్నారు. అది లేనిచో వారు బల్లపై గూర్చుండజాలరు. ఈ పుటను త్రిప్పజాలరు. ఇంత దగ్గఱి వస్తువును గూర్చి భయపడుటకంటె దానిని చక్కగా తెలిసికొనుట మేలు. తెలిసికొనుటకు గల మార్గములలో మిక్కిలి మంచిది దానిని చేతులార చేసి చూచుట.

పుస్తకములోని పటమును చూచినచో ఎముకల పేర్లు తెలియును. మోకాలు ముందునకేల మడువబడదో, అరచేయి బోరగిలినపుడు ముంజేతిలో నేమి జరుగునో పటము చెప్పజాలదు. చేసిన బొమ్మ చెప్పును. తప్పుగా చేసినచో మఱింత స్పష్టముగా చెప్పును. ఏలయన తప్పుగా కూర్చిన చేయి వంగవలసినచోట వంగదు, వంగరానిచోట వంగును.

దీనికి కావలసిన వస్తువులలో కొనవలసినవి మిక్కిలి తక్కువ. పాత వార్తాపత్రికలు, అట్టపెట్టెలు, బుట్టలల్లువారు పారవేసిన సన్నని వెదురుబద్దలు, చిల్లులు పడిన సైకిలు ట్యూబు, అరిగిపోయిన రబ్బరు చెప్పులు, పురికొస, కొంచెము ఇనుపతీగ, నీళ్ళసీసాల మూతలు, గుప్పెడు సొరగింజలు, కుంకుడుగింజలు, ఒక బుడగ - ఇవి చాలును. అతికించుటకు మైదాపిండి ఉడికించిన జిగురు కావలెను. పుస్తకములు కుట్టు దప్తరీలు పురుగు పట్టకుండుటకై యిట్టి జిగురున మైలుతుత్తము కలుపుదురు. అది విషము, పిల్లలు దాని జోలికి పోరాదు. ముద్దగా మలచవలసిన భాగములకు కొండపల్లి బొమ్మల పనివారి పద్ధతి మేలైనది. వారు తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మ అవయవములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపి చేసిన మక్కుతో వానిని అతుకుదురు. ఆ మక్కు ఆఱిన పిదప గట్టిపడి కఱ్ఱతో కలిసిపోవును. వెన్నుపూసల ముళ్ళను, దవడ కొనలను మలచుటకు అది కాగితపు గుజ్జు కంటె చక్కగా లొంగును.

బొమ్మను చేసి దానిపై విద్య నేర్చుట మన దేశమున క్రొత్త కాదు. శస్త్రవిద్య నేర్చువారు మనుష్యునిపై చేయి వేయుటకు ముందు ఏ వస్తువులపై అభ్యాసము చేయవలెనో చెప్పు అధ్యాయము సుశ్రుతసంహితలో కలదు. కోతలను గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై నేర్వవలెను. కట్లు కట్టుటను గుడ్డ మొదలగువానితో చేసిన మనుష్యప్రతిమ యొక్క అవయవములపై నేర్వవలెను. ఆ ప్రతిమకు పుస్తమయపురుషుడని పేరు. ఇచట పుస్తమనగా పుస్తకము కాదు, గుడ్డతోనో మట్టితోనో చేసిన బొమ్మ. శరీరములోని భాగములను కన్నులార చూచి తెలిసికొను విధానమును అదే గ్రంథమున చెప్పబడినది: మృతశరీరమును గడ్డితో చుట్టి, పంజరమున నుంచి, పాఱు నీటిలో ఏడు రాత్రులు నానవైచి, పిదప వట్టివేళ్ళు, వెదురు మొదలగువాని కుంచెలతో మెల్లగా రుద్ది, పొరపొరగా చూడవలెను. చదివినదియు, చూచినదియు కలిసినపుడే జ్ఞానము పెరుగునని సుశ్రుతుని అభిప్రాయము.

సుశ్రుతుడు ఎముకలు 300 అని లెక్కించెను. చరకుని లెక్క 360. నేటి శరీరశాస్త్రము పెద్దవారి శరీరమున 206 అని చెప్పుచున్నది. ఈ భేదమును చూచి ప్రాచీనులు లెక్క తప్పిరని నవ్వరాదు. సుశ్రుతుడు దంతములను, మెత్తని మృదులాస్థులను కూడ ఎముకలలో చేర్చెను. చరకుడు గోళ్ళను సైతము చేర్చెను. దేనిని ఎముక అనవలెనను విషయమున భేదమున్నపుడు సంఖ్య యొక్కటిగా నుండదు.

సంఖ్యకంటె బొమ్మ చేయువారికి సుశ్రుతుని మఱియొక మాట ఎక్కువగా నుపకరించును. అతడు ఎముకలను ఆకారమును బట్టి అయిదు విధములుగా విభజించెను. గొట్టమువంటివి నలకములు, చిప్పవలె పలుచగా నుండునవి కపాలములు, వంపు తిరిగినవి వలయములు, మెత్తనివి తరుణములు, దంతములు రుచకములు. ఈ విభజనను ముందు పెట్టుకొని పైని వస్తువులను చూచినచో, ఏ వస్తువు ఏ యెముకకు తగునో ఇంచుమించుగా దానంతట అదే తేలును. నలకములకు చుట్టిన కాగితము, కపాలములకు పొరలుగా అతికిన కాగితము, వలయములకు వెదురుబద్ద, తరుణములకు రబ్బరు, రుచకములకు సొరగింజలు. చేతికి దొరికినదానితో ఏదియో యొక తీరున ఎముకను చేయుట తగదు. ఆ యెముక చేయు పనిని చేయగల వస్తువును వెదకవలెను.

గొట్టపుటెముకలతో ప్రారంభించుట సులభము. వార్తాపత్రిక కాగితమును నిలువబెట్టినచో అది నిలువదు. దానినే గట్టి గొట్టముగా చుట్టి, దారముతో కట్టి, నిలిపి, పైన ఒక పాఠ్యపుస్తకము నుంచినచో మోయును. కాగితము అదియే, బరువు అదియే. ఆకారము మాత్రము మాఱినది. ఒకే బరువు గల రెండు కడ్డీలలో గుల్లగానున్నది గట్టిదానికంటె ఎక్కువ బలము కలదియని గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథమున వివరించి, ఎముకలను, రెల్లును ఉదాహరణములుగా చూపెను. మన కాళ్ళలోని ఎముకలు గుల్లలుగా నుండుటచేత తక్కువ బరువుతో ఎక్కువ భారము మోయగలుగుచున్నవి. ఆ గుల్ల వ్యర్థముగా నుండక మజ్జతో నిండియుండును.

కొలతల విషయమున ఒక సులువైన యుపాయము కలదు. బొమ్మ యెత్తును 100 సెంటీమీటర్లుగా నిర్ణయించుకొన్నచో, ఒక్కొక్క సెంటీమీటరు మనుష్యుని యెత్తులో నూటికొక వంతగును. అప్పుడు తొడ యెముక 26 సెంటీమీటర్లు, మోకాలి క్రింది అంతర్జంఘిక 22, భుజాస్థి 19, ముంజేతి యెముకలలో అరత్ని 15, రత్ని 14, పుఱ్ఱె నడినెత్తినుండి గడ్డము వఱకు 13, వెన్నెముక త్రికముతో గూడ 42 ఉండవలెను. మనుష్యులందఱు ఒకే కొలతన ఉండరు గనుక ఇవి ఇంచుమించు లెక్కలు. కూర్పు పూర్తియైన తరువాత బొమ్మ చేతులను క్రిందికి విడిచి చూడవలెను. వ్రేళ్ళకొనలు తొడ నడిమికి వచ్చినచో కొలతలు కుదిరినట్లు. మోకాళ్ళ వఱకు వచ్చినచో అది ఆజానుబాహువగును. పురాణపురుషులకు తగునే కాని పాఠశాలకు తగదు.

కూర్పులో మొదటిది వెన్నెముక. మెడలో 7, వీపున 12, నడుమున 5, వెరసి 24 పూసలను అట్టముక్కలు పొరలుగా అతికి చేయవలెను. పై పూస చిన్నది. క్రిందికి పోయినకొలది పెద్దది. మోయవలసిన బరువు క్రిందికి పోయినకొలది పెరుగును గదా! పూసల నడుమ రబ్బరు చెప్పునుండి కత్తిరించిన బిళ్ళలు ఉంచవలెను. అవి 23 చాలును. తలకును మొదటి పూసకును నడుమ గాని, మొదటి రెండు పూసల నడుమ గాని బిళ్ళ లేదు. మొదటి పూస ఉత్త ఉంగరము. రెండవదానికి పైకి లేచిన ఒక మేకువంటి ముల్లు కలదు. ఆ మేకు ఉంగరములో ఇమిడి బొంగరపు కీలగును. 'అవును' అని తల యూచినపుడు పుఱ్ఱె మొదటి పూసపై కదలును. 'కాదు' అని తల త్రిప్పినపుడు పుఱ్ఱెతో కూడ మొదటి పూసయే రెండవదాని మేకుచుట్టు తిరుగును. ఈ రెండు పూసలను తక్కినవానివలెనే చేసి గ్రుచ్చివైచిన బొమ్మ ఎవరికిని 'కాదు' అని చెప్పలేదు.

పిల్లలు సాధారణముగా పూసలను తిన్నని కఱ్ఱకు గ్రుచ్చుదురు. అది చూచుటకు చక్కగా నుండును. కాని నిజము కాదు. పూసలను ఇనుపతీగకు గ్రుచ్చి మెడకడ ముందునకు, వీపుకడ వెనుకకు, నడుముకడ మరల ముందునకు, అడుగున మరల వెనుకకు వంచవలెను. పుట్టిన శిశువు వెన్ను ఒకే విల్లుగా వంగియుండును. బిడ్డ తల నిలుపునపుడు మెడ వంపును, నిలిచి నడచునపుడు నడుము వంపును ఏర్పడును. ఈ వంపులును, నడుమనున్న బిళ్ళలును కలిసి నడకలోని అదురును తల వఱకు పోనీయవు. బిళ్ళలు పగలెల్ల శరీరభారముచే నొత్తబడి నీరు కోల్పోవును. రాత్రి పరుండినపుడు మరల నీరు పీల్చుకొనును. అందుచేత మనుష్యుడు సాయంకాలమునకంటె ఉదయమున సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువ యెత్తుగా నుండును. గోడవద్ద నిలిచి గీతలు గీచుకొని దీనిని పరీక్షింపవచ్చును.

వెన్ను అడుగున అయిదు పూసలు అతికి త్రికమను ఒకే యెముకయగును. దాని తోకవలె చిన్న అనుత్రికము ఉండును. ఇచట విద్యార్థులు గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆ యతుకు ఎనిమిదవ తరగతి చదువు వయస్సునకు పూర్తి కాదు. కటియెముక కూడ పుట్టుకతో మూడు ముక్కలు. అవి కౌమారమున క్రమముగా కలిసిపోవును. పొడవైన ఎముకల కొనలు నడిమి భాగమునుండి పలుచని మృదులాస్థితో వేఱుపడియుండును. ఎదుగుదల జరుగునది అచటనే. కావున 206 అను సంఖ్యను కంఠస్థము చేయుచున్న బాలుని శరీరముననే ఆ సంఖ్య నిజము కాదు. వాని యెముకల తునకలు అంతకంటె ఎక్కువ. బొమ్మ చేయువారు తమకంటె పెద్దవాని అస్థిపంజరమును చేయుచున్నారన్నమాట.

ప్రక్కటెముకలకై వెదురుబద్దలను రాత్రియంతయు నీటిలో నాననిచ్చి, ఉదయమున కుండ చుట్టు వంచి కట్టి, ఎండనీయవలెను. ఇవి స్త్రీలకును, పురుషులకును పండ్రెండు జతలే. వీనిని వెన్నునుండి ముందునకు అడ్డముగా గాక కొంచెము క్రిందికి వాలునట్లు కట్టవలెను. బొక్కెన పిడిని ఎత్తినపుడు అది ప్రక్కకును లేచునట్లు, ఊపిరి పీల్చినపుడు ఈ వాలిన ఎముకలు పైకి లేచి ఱొమ్మును విశాలము చేయును. వెదురును నేరుగా ఱొమ్ముటెముకకు కట్టినచో ఈ కదలిక పోవును. ముందువైపు కొంత భాగము మృదులాస్థి గనుక అచట సైకిలు ట్యూబు ముక్కలతో సంధింపవలెను. పై 7 జతలు ఱొమ్ముటెముకను వేఱువేఱుగా చేరును. తరువాతి 3 జతల రబ్బరు ముక్కలు తమపై జతను అంటుకొనును. తుది 2 జతలు ఎచటను చేరక విడిగా నుండును.

ఱొమ్ముటెముక, అనగా ఉరోస్థి, మూడు భాగములు. దీనిని గూర్చి ఒక చరిత్ర కలదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున రోమునగరమున ప్రసిద్ధుడైన గేలెన్ అను వైద్యుడు ఉరోస్థి యందు ఏడు భాగములు కలవనియు, క్రింది దవడ రెండెముకలనియు వ్రాసెను. అతనికి మనుష్యశరీరమును కోసి చూచు అవకాశము లేకుండెను. కోతులు, పందులు మొదలగువానిని పరిశీలించి వ్రాసెను. ఆ మాటను ఐరోపాఖండమున పదమూడు శతాబ్దములకు పైగా పాఠముగా చదివిరి. పాడువా విశ్వవిద్యాలయమున బోధించుచుండిన వెసాలియస్ తన చేతులతో ఎముకలను తీసి చూచి, ఉరోస్థి మూడు భాగములనియు, దవడ ఒకే యెముకయనియు 1543లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. అప్పటికి అతనికి 28 ఏండ్లు. అతడదే సంవత్సరమున బాసెల్ నగరమున కూర్చిన అస్థిపంజరము నేటికిని అచటనే కలదు.

కటి యెముకలను అట్టతో చేసి, ఇరుప్రక్కల ఒక్కొక్క సీసామూతను బోర్లించి అతికినచో తుంటి గిన్నె ఏర్పడును. తొడ యెముక పై కొనకు కాగితపు గుజ్జుతో ఆ మూతలో ఇముడునంత బంతిని చేయవలెను. బంతి నేరుగా గొట్టముపై గూర్చుండదు. ప్రక్కకు వంగిన ఒక మెడ చివర నుండును. పెద్దలు వయస్సు మీఱినపుడు జాఱిపడినచో తఱచుగా విఱుగునది ఈ మెడయే. మూతకు నడుమ చిల్లుపెట్టి, బంతినుండి దారమును తీసి, కొంచెము వదులుగా ముడివేసినచో బంతిగిన్నె కీలు సిద్ధమగును. నిజమైన తుంటిలో సైతము ఇట్టి చిన్న బంధనము కలదు. మోకాలు మడతబందు కీలు. తలుపు బందువలె ఒక్క వైపునకే మడువబడును. మోకాలిచిప్పను తక్కిన యెముకలకు అతుకరాదు. అది ముందువైపు దిగు స్నాయువునందు పొదిగియుండును గనుక, ఒక రబ్బరు పట్టీకి అంటించి ముందువైపు దించవలెను.

పుఱ్ఱెకు ఊదిన బుడగపై కాగితపు ముక్కలను ఆఱేడు పొరలుగా అతికించి, ప్రతి పొరను ఆఱనిచ్చి, తుదకు బుడగను పగులగొట్టి తీసివేయవలెను. బుడగ దొరకనిచో ఎండిన సొరకాయ బుఱ్ఱయు పనికివచ్చును. కంటిగుంటలను పైకి పెట్టుట అందఱును చేయు పొరపాటు. అవి పుఱ్ఱె యెత్తునకు సరిగా నడుమ నుండును. పై సగమంతయు మెదడు ఉండు చోటు. వెన్నుపాము దిగు పెద్ద రంధ్రమును అడుగుభాగమున నడుమ చేయవలెను. నాలుగు కాళ్ళతో నడచు పశువులకు ఆ రంధ్రము వెనుకవైపున నుండును. ఏదియో యొక పుఱ్ఱె దొరికినపుడు దానిని మోసిన ప్రాణి నిటారుగా నిలిచి నడచెనా, లేదా అని శాస్త్రజ్ఞులు ఊహించుటకు ఈ రంధ్రపు స్థానము ఒక యాధారము. పుఱ్ఱెపై వంకరటింకరగా కనబడు అతుకులను కలముతో గీయవచ్చును. పసిబిడ్డలలో ఆ యెముకలు ఇంకను కలియవు. తల్లులు ఆముదము పెట్టు మాడుచోటు అట్టి సందులలో పెద్దది. అది సుమారు ఏడాదిన్నరకు పూడును. క్రింది దవడను వేఱుగా మక్కుతో మలచి, సొరగింజలను పండ్లుగా గ్రుచ్చి, చెవికి కొంచెము ముందుగా దారముతో తగిలింపవలెను. పుఱ్ఱె యెముకలలో కదలునది అదియొక్కటే.

బొమ్మలో మిక్కిలి ఓర్పుతో కూర్చవలసినది చేయి. చేతి నంతటిని మొండెమునకు కలుపు ఎముకల కీలు ఒక్కటే. అది జత్రుక అను మెడ ఎముక ఱొమ్ముటెముకను తాకుచోట నుండును. వీపుననున్న రెక్క యెముక ప్రక్కటెముకలకు అతికియుండదు, కండరములు దానిని పట్టియుంచును. దానిని జిగురుతో ప్రక్కటెముకలకు అంటించినవారు బొమ్మచేతిని పైకెత్తి చూచినచో తప్పు తెలియును. అందుచేత రెక్క యెముకను జత్రుక కొనకు కట్టి, రెండు రబ్బరు పోగులతో వెన్నువైపునకు లాగి పట్టవలెను. దానిపై భుజాస్థి బంతి యుండు గిన్నె లోతులేనిది; మూత నంచు కత్తిరించి పళ్ళెమువలె చేయవలెను. లోతు తక్కువగుటచే చేయి కాలికంటె స్వేచ్ఛగా తిరుగును. ఆ కారణముననే భుజము సులభముగా తొలగును.

ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంటలో చేయు తోలుబొమ్మల చేతులు దారపు ముడులపై కదలును. అవి తెరను అంటుకొని ఆడవలెను గనుక ఒకే తలమున వంగిన చాలును. అరచేయి తిరుగవలసిన పని లేదు. మనుష్యుని ముంజేతికి ఆ పని కూడ కలదు. అందుకే అందు రెండెముకలు. చిటికెనవ్రేలి వైపునున్న అరత్ని మోచేతికడ మడతబందుగా భుజాస్థిని పట్టుకొనును. బొటనవ్రేలి వైపునున్న రత్ని గుండ్రని తలను మోచేతివద్ద ఒక వదులైన దారపు టుంగరములో నుంచి, మణికట్టును దాని క్రింది కొనకే కట్టవలెను. ప్రసాదమునకై చేయి చాచినపుడు రెండెముకలును ప్రక్కప్రక్కన నుండును. వ్రాయుటకై అరచేతిని బల్లపై బోర్లించినపుడు రత్ని అరత్ని పైనుండి అడ్డముగా పోవును. ఒక చేతితో రెండవ ముంజేతిని పట్టుకొని త్రిప్పి చూచినచో ఈ దాటుట తగులును. ముంజేతికి ఒకే గొట్టము పెట్టిన బొమ్మ చేయి చాచగలదు, మడువగలదు; తాళముచెవి త్రిప్పజాలదు.

చేతివ్రేళ్ళ వద్దకు వచ్చునప్పటికి పలువురకు విసుగు పుట్టును. రెండు చేతులలో 54, రెండు పాదములలో 52, వెరసి 106 ఎముకలు; శరీరములోని ఎముకలలో సగమునకు మించినవి చేతులలోను, పాదములలోనే కలవు. మణికట్టున నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా 8 కుంకుడుగింజలను ఒక గుడ్డముక్కపై అతికినచో అవి ఒకదానిపై నొకటి కొంచెము జారును. నిజమైన మణికట్టులోని జారెడు కీళ్ళు అట్టివే. అరచేతికి 5, వ్రేళ్ళకు 14 సన్నని గొట్టములు కావలెను, బొటనవ్రేలికి రెండే. పాదమును పలకవలె చదునుగా చేయరాదు. తడికాలితో గచ్చుపై అడుగు వేసినచో లోపలివైపు నడిమి భాగము సాధారణముగా అంటదు. ఎముకలు అచట కమానువలె ఎత్తుగా కూర్చబడియున్నవి.

ఇంత శ్రమపడుటకంటె నిజమైన అస్థిపంజరమునే తెప్పించిన బాగుండునని అనువారు కలరు. నిజమైనవి ఒకప్పుడు ఎచటనుండి వచ్చెడివో వారు తెలిసికొనవలెను. వెసాలియస్ విద్యార్థిగా నున్నపుడు లూవెన్ పట్టణపు వెలుపల ఉరికంబముననున్న యొక నేరస్థుని యెముకలను రహస్యముగా ఇంటికి చేర్చెను. అది యొక్కని కథ. పందొమ్మిదవ శతాబ్దమునుండి కలకత్తా నగరము ప్రపంచములోని వైద్యకళాశాలలకు మనుష్యుల అస్థిపంజరములను పంపు పెద్ద వర్తకస్థానమయ్యెను. ఇంగ్లండు, అమెరికా దేశముల విద్యార్థులు తమ శాస్త్రమును బంగాళపు పేదల యెముకలపై నేర్చిరి. ఆ చనిపోయినవారిని గాని, వారి బంధువులను గాని అడిగి తెచ్చినవి కావు వానిలో అనేకములు. శ్మశానములనుండి దొంగిలింపబడినవియు కలవు. భారతప్రభుత్వము 1985లో ఈ యెగుమతిని నిషేధించినది. తమ మరణానంతరము శరీరమును వైద్యవిద్యకు ఇమ్మని స్వయముగా వ్రాసియిచ్చువారు నేడు కలరు. అడిగినచో ఇచ్చినది వేఱు, అడుగక తీసికొన్నది వేఱు. ఏ ప్రయోగశాలలోనైన నిజమైన అస్థిపంజరము కనబడినచో దానికి టోపీ పెట్టి నవ్వులాటలాడరాదు. దానికి ఒకప్పుడు పేరుండెను. కాగితపు బొమ్మకు టోపీ పెట్టుకొనవచ్చును. దానివలన ఎవరికిని లోపము లేదు.

పుఱ్ఱె పైభాగమున చిన్న కొక్కెము నాటి బొమ్మను కిటికీ ప్రక్కన, వెలుతురు పడుచోట వ్రేలాడదీయవలెను. వానకాలమున గోడకు తగులనీయరాదు. వ్రేలాడదీయుటకు ముందు చెవుల సంగతి మఱవరాదు. ఒక్కొక్క చెవిలోపల మూడేసి చొప్పున ఆఱు చిన్న యెముకలు కలవు; వానిలో చిన్నది మన శరీరములోని యెముకలన్నింటిలోను చిన్నది. ఈ బొమ్మ కొలతకు అది ఆవగింజంత. కనబడవు గదా యని వదలినచో లెక్క 200 వద్దనే నిలిచిపోవును. ఆఱు ఆవగింజలను మూడేసిగా సన్నని కాగితమున చుట్టి, పుఱ్ఱెలోపల ఇరుప్రక్కల అతికించి, అటుపిమ్మట పుఱ్ఱెను మూయవలెను.

అప్పటికిని ఒక యెముక మిగులును. అది కంఠికాస్థి. గొంతునందు, దవడకు క్రిందుగా, గుఱ్ఱపులాడమువలె వంగియుండును. నాలుకకు ఆధారము అదియే. మాటలాడుటకును, మ్రింగుటకును అది కావలెను. దానిని పలుచని వెదురుముక్కతో వంచి చేయవచ్చును. ఎక్కడ అతుకవలెనని ప్రతి విద్యార్థియు అడుగును. శరీరమున అది మఱి యే యెముకను తాకదు. కావున జిగురు ప్రక్కన పెట్టి, పుఱ్ఱె అడుగుభాగమున ఇరుప్రక్కల రెండు దారములు కట్టి, మెడపూసలకు ముందు అది గాలిలో వ్రేలాడునట్లు ఉంచవలెను.